మోకాలు మానింది, మళ్లీ పరుగెత్తొచ్చా?

ప్రశ్న: నా వయసు 43. విశాఖలో బ్యాంకు ఉద్యోగం. మూడేళ్ల క్రితం వరకు వారానికి నాలుగు రోజులు బీచ్ రోడ్డులో పరుగెత్తేవాణ్ని. 10 కిలోమీటర్లు 57 నిమిషాల్లో పూర్తిచేశాను, రెండు హాఫ్ మారథాన్లు కూడా చేశాను. బదిలీలు, ఇంటి పనులతో మానేశాను. పోయిన ఏడాది షటిల్ ఆడుతుంటే కుడి మోకాలు మెలిపడి లోపలి వైపు వాచింది. ఎమ్మారైలో ‘మీడియల్ మెనిస్కస్ గ్రేడ్ 2’ అని వచ్చింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. రెండు నెలలు ఫిజియోథెరపీ చేయించుకున్నాను. ఇప్పుడు నడిస్తే నొప్పి లేదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం అప్పుడప్పుడు చిప్ప దగ్గర పట్టినట్టుంటుంది. బరువు 70 నుంచి 79 కిలోలకు పెరిగింది. డాక్టరుగారు ‘మెల్లగా మొదలుపెట్టుకోండి’ అన్నారు గానీ మెల్లగా అంటే ఎంతో చెప్పలేదు. ఇంట్లోవాళ్లేమో పరుగెడితే ఉన్న గుజ్జు కూడా అరిగిపోతుందంటున్నారు. ఇసుకలో పరుగెడితే మోకాలికి మంచిదని స్నేహితులంటారు, నిజమేనా? డిసెంబరులో నేవీ మారథాన్‌లో హాఫ్ పరుగెత్తాలని ఆశ. ఇప్పుడు జులై. వీలవుతుందా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు హాఫ్ సంగతి తేల్చేద్దాం. ఈ డిసెంబరుకి వద్దు. చేతిలో ఉన్నవి ఇరవై పైచిలుకు వారాలు. మధ్యలో జ్వరమో ఆడిటో ఒకటి రెండు వారాలు మింగేసినా 10 కిలోమీటర్లకి అవి సరిపోతాయి. హాఫ్ అంటే 21 కిలోమీటర్లు, దానికి సరిపోవు.

మీలాంటి పాత రన్నర్లతో వచ్చే చిక్కు వేరు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు భయంభయంగా పోతారు. మీకు 57 నిమిషాల లెక్క ఒంట్లో ఉండిపోయింది. గుండె, ఊపిరితిత్తులు తొందరగా దారికొస్తాయి, ఐదారు వారాల్లో ఆయాసం బాగా తగ్గిపోతుంది. తొడ కండరం బలపడాలంటే రెండు మూడు నెలలు కావాలి. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండన్లు, మోకాలి లోపలి మెత్త (మెనిస్కస్), పిక్క ఎముక, ఇవి ఇంకా నిదానం. అందుకే మూడో వారానికీ ఆరో వారానికీ మధ్యలోనే ఎక్కువమంది మళ్లీ దెబ్బతింటారు. ఊపిరి బాగా ఆడుతోంది కదా అని దూరం పెంచేస్తారు, మోకాలు ఇంకా అక్కడికి రాలేదు. కాబట్టి ఈ ఐదు నెలలూ ఎంత పరుగెత్తాలో ఆయాసాన్ని బట్టి నిర్ణయించుకోవద్దు. మర్నాడు పొద్దున మంచం దిగి నాలుగడుగులు వేసినప్పుడు మోకాలు ఎలా ఉందో దాన్ని బట్టి నిర్ణయించుకోండి.

ఇక ఆ ఎమ్మారై కాగితం. మెనిస్కస్ అంటే తొడ ఎముకకీ కింది ఎముకకీ మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెత్త. గ్రేడ్ 1, గ్రేడ్ 2 అంటే ఆ మెత్త లోపల ఒక మచ్చో గీతో కనబడింది, అది పైపొర దాకా రాలేదు అని అర్థం. పైపొరను తాకితే గ్రేడ్ 3. అసలు చిరుగు అనాల్సింది దాన్నే. గ్రేడ్ 2 అనగానే సగం చిరిగిపోయిందనుకుని జీవితాంతం నీ క్యాప్ అనే మోకాలి పట్టీ‌తో తిరిగేవాళ్లున్నారు. నలభై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేని మోకాలిని స్కాన్ చేసినా ఇలాంటి గీతలు కనబడుతుంటాయి. 

మెట్లు దిగేటప్పుడు చిప్ప దగ్గర పట్టడం వేరే సంగతి. మెనిస్కస్ నొప్పి ఇలా రాదు. అది కీలు సందులో, మీ విషయంలో లోపలి పక్కన, మెలి తిరిగినప్పుడో గొంతుక్కూర్చున్నప్పుడో కలుక్కుమంటుంది. చిప్ప చుట్టూ పట్టడం చాలావరకు తొడ ముందు కండరం చిక్కిపోవడం వల్ల. మోకాలు వాచిన కొద్ది రోజుల్లోనే ఆ కండరం కరగడం మొదలవుతుంది, నొప్పి పోయినంత మాత్రాన దానంతటది తిరిగి రాదు. ఇంట్లో కుట్టుపని టేపు ఉంటే చూసుకోండి. కాలు చాపి కూర్చుని, చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి కొలిచి పెన్నుతో గుర్తు పెట్టండి. అక్కడ తొడ చుట్టుకొలత రెండు కాళ్లకీ తీయండి. కుడివైపు సెంటీమీటరుకి మించి తక్కువ ఉంటే ఫిజియోథెరపీ పూర్తికాకుండానే ఆగిపోయిందన్నమాట. రెండు నెలలతో ఆపేసినవాళ్లలో ఇది మామూలే.

బూట్లు కట్టేముందు ఇంట్లోనే కొన్ని పరీక్షలు పెట్టుకోవాలి. చదునైన నేల మీద 45 నిమిషాలు వేగంగా నడవండి, అప్పుడూ మర్నాడూ నొప్పీ వాపూ ఉండకూడదు. వెల్లకిలా పడుకుని మడమ కింద మడతపెట్టిన తువ్వాలు ఉంచితే కుడి మోకాలు ఎడమదానంత పూర్తిగా చాపుకోవాలి. కొద్దిగా వంగి ఉండిపోతే పరుగు వాయిదా వేయండి, ఎందుకంటే పూర్తిగా చాపుకోని మోకాలు ప్రతి అడుగులోనూ తొడ కండరాన్ని బిగపట్టే ఉంచుతుంది. తర్వాత మామూలు కుర్చీలోంచి ఒంటికాలి మీద పదిసార్లు లేచి కూర్చోవాలి. ఇంటి మెట్టు అంచున నిలబడి, ఎడమ మడమ కింది మెట్టును అలా తాకి పైకి లేచేలా కుడి మోకాలిని మెల్లగా వంచడం పదిసార్లు. అద్దం ముందు చేయండి. మోకాలు బొటనవేలి వైపుకి, లోపలికి వాలిపోతుంటే తుంటి కండరాలు వదులుగా ఉన్నట్టు. గోడకి చేయి ఆనించి ఒంటికాలి మునివేళ్ల మీద ఇరవైసార్లు లేవాలి. చివరిగా ఒంటికాలి మీద ఉన్నచోటే పది గెంతులు, నొప్పి లేకుండా, ఎడమకాలి మీద గెంతినంత ధైర్యంగా. 

వీటిలో రెండు మూడు తప్పినా కంగారేమీ లేదు. మూడు నాలుగు వారాలు కింద చెప్పబోయే కసరత్తులు, నడక చేసి మళ్లీ చూసుకోండి. అన్నీ అయ్యాయా, ఇక మొదలుపెట్టొచ్చు. నలభై దాటి మూడేళ్లు ఖాళీగా ఉన్నారు కాబట్టి బీపీ, షుగరు కూడా ఒకసారి చూపించుకోండి. నడకలో ఛాతీ పట్టేసినట్టు అనిపిస్తుంటే మోకాలి సంగతి తర్వాత, గుండె డాక్టరు దగ్గరికి ముందు వెళ్లాలి.

వారానికి మూడు రోజులే పరుగు, వరసగా రెండు రోజులు ఎప్పుడూ వద్దు. మంగళ, గురు, ఆది అనుకోండి. ప్రతిసారీ ముందు ఎనిమిది పది నిమిషాలు చురుగ్గా నడక, తర్వాత కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపడం, సగం గుంజీలు ఓ పది. నిలబడి తొడ పట్టుకుని లాగుతూ ఉండిపోవడం పరుగుకి ముందు పెద్దగా ఉపయోగపడదు.

మొదటి వారం: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, ఇలా 8 సార్లు.
రెండో వారం: 1 నిమిషం పరుగు, 1 నిమిషం నడక, 10 సార్లు.
మూడో వారం: 2 పరుగు, 1 నడక, 8 సార్లు.
నాలుగు: 3 పరుగు, 1 నడక, 6 సార్లు.
ఐదు: మళ్లీ నాలుగో వారమే. ఇది పొరపాటున పడింది కాదు, కావాలనే.
ఆరు: 5 పరుగు, 1 నడక, 4 సార్లు.
ఏడు: 8 పరుగు, 1 నడక, 3 సార్లు.
ఎనిమిది: 10 పరుగు, 1 నడక, 3 సార్లు.
తొమ్మిది: 15 పరుగు, 1 నడక, 2 సార్లు.
పది: 30 నిమిషాలు ఆగకుండా.

మొదటి రెండు వారాలు మీకు నవ్వొస్తుంది. ఒక్క నిమిషం పరుగా అనిపిస్తుంది. నిమిషానికి సుమారు 160 అడుగులు పడతాయి, అంటే మొదటి రోజే కుడికాలు 640 సార్లు నేలను కొడుతుంది, ప్రతిసారీ ఒంటి బరువుకి రెండు రెట్లకి మించిన తాకిడితో. ఏడాదిగా అలాంటి దెబ్బ ఒక్కటీ తినని కాలది. ఆ నిమిషం కూడా పాత వేగంతో కాదు. పక్కన ఎవరైనా ఉంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం. మీకిప్పుడు అది కిలోమీటరుకి ఏడున్నర, ఎనిమిది నిమిషాలు అవుతుంది. విశాఖ ఉక్కలో ఇంకా నెమ్మదించినా ఆశ్చర్యపోవద్దు, చెమట ఆరని గాలిలో గుండె వేగం ఊరికే పెరుగుతుంది. వాచీలో కిలోమీటరు వేగం కనబడకుండా పెట్టేసి సమయం మాత్రం చూసుకోండి. పాత గుంపుతో ఆదివారం పరుగు కూడా మొదటి పది వారాలు మానుకుంటే మంచిది. మాటల్లో పడి వాళ్ల వేగం ఎక్కేస్తుంది. టిఫిన్ దగ్గర కలవండి.

నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. పరుగులో రెండు దాకా వచ్చి, ఆపగానే తగ్గి, మర్నాడు పొద్దున మామూలుగా ఉంటే ఆ వారం సాగనివ్వండి. మూడు నాలుగు ఉంటే లేదా మర్నాడు పొద్దున బిగుసుకుని ఉంటే, ఇంకో రోజు విశ్రాంతి ఇచ్చి అదే వారం మళ్లీ చేయండి. ఐదుకి చేరినా, కుంటుతూ పరుగెత్తాల్సి వచ్చినా అక్కడికక్కడ ఆపి నడిచి ఇంటికి రండి. కుంటడం నొప్పి కన్నా చెడ్డది, ఎందుకంటే రెండు కిలోమీటర్లు కుంటితే ఎడమ తుంటో మడమో కొత్తగా పాడవుతుంది. పట్టిక పది వారాలదే అయినా పన్నెండు పట్టొచ్చు. ఏ వారమైనా రెండుసార్లు చేయడానికి మొహమాటపడొద్దు. ఒక వారం మొత్తం తప్పితే ఒక మెట్టు వెనక్కి, జ్వరం వచ్చి రెండు మూడు వారాలు పోతే మూడు మెట్లు వెనక్కి వెళ్లి అక్కణ్నుంచి రండి. తప్పిన రోజుల్ని కలిపి వడ్డీతో సహా తీర్చాలని మాత్రం చూడొద్దు.

నొప్పి ఎంత అన్నదాని కన్నా ఎక్కడ అన్నది ఎక్కువ చెబుతుంది. చిప్ప చుట్టూ లేదా దాని వెనక, మెట్లు దిగేటప్పుడూ చాలాసేపు కూర్చుని లేచేటప్పుడూ వస్తే అది చిప్ప కీలు నొప్పి. తొడ కసరత్తుతో, అడుగు కురచ చేయడంతో తగ్గుతుంది, పరుగు పూర్తిగా మానక్కర్లేదు. మోకాలి బయటి పక్కన, ప్రతిసారీ ఇంచుమించు ఒకే దూరం దగ్గర మొదలై ఆపితే పోతుంటే ఐటీ బ్యాండ్, అంటే తుంటి నుంచి మోకాలి బయటి పక్క దాకా సాగే గట్టి పట్టీ. దాన్ని ఓర్చుకుని పరుగెత్తినకొద్దీ ఇంకా ముందుగా వస్తుంది, కాబట్టి అది మొదలయ్యే దూరానికి కొంచెం ముందే ఆపేస్తూ కొన్నాళ్లు గడపాలి, పల్లానికి పరుగు మానాలి. చిప్ప కింది అంచున వేలు పెడితే నొప్పి, మొదట్లో ఉండి ఒళ్లు వేడెక్కాక తగ్గి మర్నాడు మళ్లీ వస్తే టెండన్. దానికి విశ్రాంతి ఒక్కటే సరిపోదు, బరువుతో మెల్లగా చేసే కసరత్తు కావాలి. కీలు సందులో లోపలి పక్కన కలుక్కుమంటే అది మీ పాత మెనిస్కస్ చోటు, ఆ వారం పరుగు ఆపి చూడండి. మోకాలు కాకుండా పిక్క ఎముక మీద వేలికొసంత చోట నొక్కితే ప్రాణం పోయినట్టుంటే, గెంతితే ఎక్కువైతే అది ఎముకలో సన్నటి చీలిక కావచ్చు. దాని మీద ఒక్కరోజు కూడా పరుగెత్తకూడదు.

కొన్నింటికి ఎదురుచూడటమే తప్పు. మోకాలు ఉన్నట్టుండి చాపుకోలేక బిగుసుకుపోవడం, నిలబడితే జారిపోయినట్టు మడతపడటం, పరుగు తర్వాత కొన్ని గంటల్లోనే చిప్ప పక్కల గుంటలు పూడిపోయేలా వాచడం, రాత్రి నిద్రలేపే నొప్పి: వీటికి ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించాలి. ఎర్రగా కాలిపోతూ జ్వరంతో వాచినా, పిక్క గట్టిపడి వాచినా అదే రోజు వెళ్లాలి.

ఇప్పుడు కసరత్తు. ఇది వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున. పరుగు ఉన్న రోజు సాయంత్రమే పెట్టుకుంటే మర్నాడు కాళ్లకి పూర్తి విశ్రాంతి దొరుకుతుంది. పరుగెత్తేవాళ్లు అందరూ మొదట మానేసేది ఇదే. మీరు పరుగు ఒకరోజు మానినా ఫర్వాలేదు, దీన్ని మానొద్దు. గోడకి వీపు ఆనించి గోడకుర్చీ 45 సెకన్లు, 4 సార్లు. చిప్ప నొప్పి ఉన్నవాళ్లకి ఇది బాగా సరిపడుతుంది, మరీ కిందికి కూర్చోనక్కర్లేదు. తర్వాత మెట్టు దిగడం, ఒంటికాలికి 10 చొప్పున 3 సార్లు, దిగడానికి మూడు సెకన్లు పట్టాలి. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి నడుము పైకెత్తడం 12 చొప్పున 3 సార్లు. పక్కకి పడుకుని పైకాలు చాపి ఎత్తడం 15 చొప్పున 3 సార్లు, కాలు కొద్దిగా వెనక్కి ఉండాలి, ముందుకొస్తే పని తుంటికి కాకుండా వేరే కండరానికి పోతుంది. పిక్కల కోసం మునివేళ్ల మీద లేవడం రెండు రకాలుగా చేయాలి: మోకాలు చాపి ఒకసారి, కొద్దిగా వంచి ఒకసారి, 15 చొప్పున. రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. పిక్క లోపలి సోలియస్ కండరం పరుగులో ఒంటి బరువుకి ఆరేడు రెట్లు మోస్తుంది, దానికి ఎక్కువ పని పడేది మోకాలు వంచినప్పుడే.

చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. తేలికైపోతే వీపు సంచిలో ఐదు కిలోల బియ్యం వేసుకోండి, తర్వాత ఎనిమిది, పది. బరువు పెంచకుండా నెలల తరబడి అదే 10 చొప్పున చేస్తే బలం ఒకచోట ఆగిపోతుంది. కుడివైపు బలహీనంగా ఉంది కాబట్టి ముందు కుడి చేయండి, దాంతో ఎన్ని అయితే ఎడమతో అన్నే. నెలకోసారి తొడ కొలత తీసి రాసిపెట్టుకోండి.

పరుగు తీరులో మార్చాల్సింది ఒక్కటే, అడుగు పొడవు. కుడిపాదం నేలను తాకడం 30 సెకన్ల పాటు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. 39 వస్తే నిమిషానికి 156 అడుగులు. దాన్ని 164 దగ్గరికి తెస్తే, అంటే 30 సెకన్లకి 41, అడుగు కురచై పాదం ఒంటికి దగ్గరగా పడుతుంది, మోకాలు తక్కువ వంగుతుంది, చిప్ప మీద ఒత్తిడి తగ్గుతుంది. వేగం మాత్రం పెరగకూడదు. ప్రతి పరుగులో ఒకటి రెండు నిమిషాలు అలా అలవాటు చేసుకుంటే చాలు. అందరూ నిమిషానికి 180 అడుగులు వేయాల్సిందేనన్న మాట పట్టించుకోకండి. మడమ బదులు మునివేళ్ల మీద పరుగెత్తమని ఎవరైనా చెబితే అదీ వద్దు, మోకాలి భారం తగ్గేమాట నిజమే గానీ అది పిక్క మీదా మడమ టెండన్ మీదా పడుతుంది. మూడేళ్లు ఖాళీగా ఉన్న పిక్క దాన్ని మోయలేదు.

ఇసుక గురించి. మెత్తగా ఉంటుంది కాబట్టి మంచిదన్నది సగం నిజం. తాకిడి తగ్గుతుంది, కానీ పొడి ఇసుకలో పాదం ప్రతిసారీ కుంగి పక్కకి తిరుగుతుంది. మెలిపడి దెబ్బతిన్న మోకాలికి ఆ తిరుగుడే పనికిరాదు. నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది గానీ సముద్రం వైపు వాలి ఉంటుంది, ఒక కాలు పల్లంలో ఒకటి మిట్టలో పడుతుంది. ఆర్కే బీచ్ ఇసుకలో నడవండి, కావాలంటే చెప్పులు లేకుండా, పరుగు మాత్రం రోడ్డు మీద. రోడ్డుకీ అంచుల వైపు వాలు ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే అంచు పట్టుకుని పోకుండా, వాహనాలు లేని వేళ మధ్య చదును వెతుక్కోండి. పేవ్‌మెంటు టైల్స్ వానకి జారతాయి, అలాంటి రోజు ట్రెడ్‌మిల్ వాడుకోవచ్చు. కైలాసగిరి, రుషికొండ వైపు ఎత్తుపల్లాలు ఈ ఏడాదికి వద్దు. ఎక్కడం కాదు సమస్య, దిగడం. పల్లానికి పరుగెత్తేటప్పుడు తొడ కండరం సాగుతూనే బ్రేకు వేయాలి, చిప్ప మీద భారం అప్పుడే ఎక్కువ.

బూట్లు పాతవి అటక మీద ఉంటే అక్కడే ఉండనివ్వండి. వాడకపోయినా మూడేళ్లలో అడుగు ఫోమ్ గట్టిపడుతుంది, సముద్రపు గాలికి జిగురు ఊడుతుంది. మామూలు రోజువారీ రన్నింగ్ షూ చాలు, వేగం కోసం అడుగులో కార్బన్ ప్లేటు పెట్టినవి అక్కర్లేదు. పాదం కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ కొనండి, బొటనవేలి ముందు వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. ఐదారు వందల కిలోమీటర్లు దాటాక అరుగుదల చూసుకోండి. నీ క్యాప్ వేసుకుంటే ధైర్యంగా ఉంటుందంటే మొదటి వారాల్లో వేసుకోండి, కాని అది లేకపోతే పరుగెత్తలేనన్న స్థితి ఉంటే మీరింకా పరుగుకి సిద్ధం కాలేదు.

పరుగుకి ముందు నొప్పి మాత్ర వేసుకోవద్దు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి నొప్పి మార్కుల్ని చెరిపేస్తాయి, పైన చెప్పిన లెక్కంతా వృథా అవుతుంది. పైగా చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలకి మంచివి కావు. స్ప్రే కొట్టుకుని బయల్దేరడం కూడా ఇలాంటిదే. వచ్చాక మోకాలు వెచ్చగా అనిపిస్తే గుడ్డలో చుట్టిన ఐసు 10, 15 నిమిషాలు పెట్టండి.

ఇంట్లోవాళ్లకి గుజ్జు గురించి ఇలా చెప్పండి. గుజ్జు అని మనం అనేది కీలులోని మృదులాస్థిని, దానికి రక్తనాళాలు లేవు. స్పాంజిలా నొక్కుకుని వదులుతుంటే చుట్టూ ఉన్న ద్రవంలోంచి దానికి పోషణ అందుతుంది. కదలకుండా కూర్చుంటే అది బాగుపడదు. ఆరోగ్యం కోసం మితంగా పరుగెత్తేవాళ్లలో, అసలు పరుగెత్తనివాళ్ల కన్నా మోకాలి అరుగుదల ఎక్కువేమీ కనబడలేదు. అరుగుదలకి దారితీసేవి పెరిగిన బరువు, పాత పెద్ద దెబ్బలు, మెనిస్కస్ కోసేసిన ఆపరేషన్లు. గుజ్జు పెంచుతాయని అమ్మే గ్లూకోసమిన్ మాత్రల వల్ల ఉపయోగం ఉందని గట్టి రుజువు లేదు, ఆ డబ్బు బూట్లకి పెట్టుకోండి. మీరు జాగ్రత్తపడాల్సింది వేరేచోట: బాసింపట్టు వేసుకుని కూర్చున్నవాళ్లు ఒక మోకాలి మీద బరువు వేసి మెలి తిరిగి లేవడం. ముందు రెండు కాళ్లూ చాపుకుని, తర్వాత చేయి ఆనించి లేవండి.

బరువు తగ్గాకే పరుగు అని ఆగక్కర్లేదు, కానీ తొమ్మిది కిలోలూ ఈ ఐదు నెలల్లో దించాలని కడుపు మాడ్చుకోవద్దు. నెలకి కిలో, కిలోన్నర చాలు. తిండిలో తక్కువపడేది మాంసకృత్తులు. ఈ బరువుకి, ఈ పనికి రోజుకి 95 నుంచి 120 గ్రాములు కావాలి. రెండు గుడ్లకి 12 గ్రాములు, కప్పు ముద్దపప్పుకి ఎనిమిది తొమ్మిది, వండిన చికెన్ వంద గ్రాములకి సుమారు 27, కప్పు పెరుగుకి ఆరేడు. పొద్దున రెండు ఇడ్లీ చట్నీతో సరిపెడితే సాయంత్రానికి లెక్క కలవదు. పెసరట్టు, గుడ్లు, మధ్యాహ్నం చేప, అన్నం కాస్త తగ్గించి పప్పు పెంచడం, ఇలా సర్దుకోండి. అరగంట పరుగుకి ఉప్పు వేసిన మజ్జిగ చాలు, ప్యాకెట్ డ్రింకులు అక్కర్లేదు.

అక్టోబరు మొదటివారానికి 30 నిమిషాలు ఆగకుండా వచ్చిందనుకుందాం, అంటే సుమారు 4 కిలోమీటర్లు. అక్కణ్నుంచి ఆదివారం పరుగు ఒక్కటే పెంచండి, వారానికి అర కిలోమీటరు, ప్రతి నాలుగో వారం కిలోమీటరు తగ్గిస్తూ. మిగతా రెండు రోజులూ అరగంట చొప్పునే. డిసెంబరు మొదట్లో ఏడు, ఏడున్నర దగ్గరికి వస్తారు. 10కి అది సరిపోతుంది. అంతకు మించి ప్రాక్టీసులో పూర్తి 10 చేసి చూసుకోవాలన్న తహతహ ఆపుకోండి. వేగం పరుగులు, ఇంటర్వెల్స్ (కాసేపు బాగా వేగంగా, కాసేపు నెమ్మదిగా మార్చిమార్చి పరుగెత్తడం) ఈ ఏడాది లెక్కలో లేవు. దూరం, వేగం రెండూ ఒకే నెలలో పెంచితే, తర్వాత నొప్పి వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేరు.

నవంబరు ఆఖరుకి 6 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయి ఉంటే 5 కిలోమీటర్ల పరుగుకి మార్చుకోండి. లేదా 10కే నిలబడి 9 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక పద్ధతిలో మొదటి నిమిషం నుంచీ పోండి, కాళ్లు మొరాయించాక నడవడం కాదు. పూర్తిగా పరుగెత్తేట్టయితే మొదటి మూడు కిలోమీటర్లు ఎనిమిది నిమిషాల చొప్పున పోండి, అందరూ దాటిపోతుంటే దాటనివ్వండి. గంటా ఇరవై నిమిషాల్లో పూర్తయితే మీ పని అయినట్టే. మర్నాడు తొడలు పట్టేస్తాయి, అది మామూలే. మోకాలు వాచకుండా ఉంటే వారం రోజులు నడకతో గడిపి, మళ్లీ అరగంట పరుగులకి రండి. హాఫ్ తయారీ సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టండి. దానికి ముందు తొడ కొలత ఇంకోసారి తీసి, రెండు కాళ్లకీ తేడా అర సెంటీమీటరు లోపుకి వచ్చిందో లేదో చూసుకోండి.